నలభయ్యో సంచి

ఒంటిగంట నలభై నిమిషాలకి మా కారు కంపెనీ గేటు ముందు ఆగింది. ఆగిందంటే నేను ఆపానని కాదు. గేరు తప్పు వేస్తే అదే ఆగిపోయింది.

"వచ్చేశామా?" అంది వదిన, కళ్ళు మూసుకునే.

"ఎప్పుడో వచ్చాం. ఇక తెరవచ్చు."

"ఆగింది ఇంజనో నా గుండెకాయో తెలియలేదే మరదలా," అంటూ దిగింది.

నాకు లైసెన్సు వచ్చి ఎనిమిది రోజులు. వదిన అంటే మా ఆయనకి అక్కగారు. వేలిముద్రల విభాగంలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయింది. ఇప్పుడు ఎవరింట్లో ఏది పోయినా, ఎవరి సంతకం ఎవరు గీకినా మా మేడ మెట్లెక్కుతారు. ఆవిడకి కారు నడపడం రాదు, నాకు ఇంట్లో ఊరికే కూర్చోవడం రాదు. అలా కుదిరింది మా జోడీ.

ఈసారి కేసు మెట్లెక్కే పని లేకుండానే వచ్చింది. మా ముందుగదిలో అద్దెకుండే జియాలజిస్టు అమ్మాయి పదకొండింటికి ఫోన్ చేసింది. "అక్కా, పెద్దక్కని తీసుకుని మా ఆఫీసుకి రాగలరా? నాలుగింటికల్లా నా ఉద్యోగమే కాదు, చదువు కూడా పోయేలా ఉంది." నెలనెలా కొండలెక్కి, మోకాళ్ళు చెక్కుకుపోయినా నవ్వుకుంటూ వచ్చే పిల్ల. దాని గొంతు వణకగా వినడం అదే మొదలు.

కంపెనీ చిన్నదే. పన్నెండు మంది మనుషులు, అద్దెకు తెచ్చిన బోరు యంత్రం ఒకటి, ఒక కొండని తవ్వి చూసుకోవడానికి అనుమతి. బంగారమో, రాగో, జింకో, ఏది కనిపించినా సంతోషమే. ఏడు బోర్లు వేస్తే ఏదీ కనిపించలేదు. ఎనిమిదోది ఆఖరిది. అందులో టన్ను రాయికి పద్నాలుగు గ్రాముల బంగారం ఉందని ల్యాబ్ కాగితం వచ్చింది. ఈ రోజు నాలుగింటికి ఒక పెద్ద గనుల కంపెనీవాళ్ళు హోటల్లో కూర్చుని, ఆ కొండ మీద హక్కులు కొనే ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అయితే ఫలితాల కాగితం మీద జియాలజిస్టు సంతకమూ ముద్రా ఉండి తీరాలి. అమ్మాయి పెట్టనంది.

మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఛైర్మన్ గది బయట బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. పక్కన తెల్లజుట్టు పెద్దాయన ఒకరు టీ గ్లాసు పట్టుకుని, "రెండు గుటకలు తాగమ్మా, ఖాళీ కడుపుతో ఏడిస్తే తలనొప్పి," అని బతిమాలుతున్నారు.

"మా మాస్టారు," అంది అమ్మాయి లేచి. "కాలేజీలో నాకు పాఠం చెప్పింది ఈయనే. ఇప్పుడు కంపెనీకి సలహాదారు."

"మీకూ టీ తెస్తానుండండి," అని ఆయనే వెళ్ళి తెచ్చారు. గ్లాసు అందుకుంటూ ఆయన వేళ్ళు చూశాను. గోళ్ళ అంచుల్లో ఊదారంగు మరకలు. జేబులో సిరాపెన్ను ఉంది. ఇంకా సిరాతో రాసేవాళ్ళున్నారన్నమాట అనుకుని ముచ్చటపడ్డాను.

ఛైర్మన్ మమ్మల్ని కూర్చోమనలేదు. గడియారం చూసి, "పది నిమిషాలు," అన్నాడు.

"మాకు ఐదు చాలు," అంది వదిన కుర్చీ లాక్కుని. "అమ్మాయి సంతకం ఎందుకు పెట్టనంటోంది?"

"ఏదో తెల్లరాయి గోల. ఈ వారం దాకా అలాంటిదొకటుందని నాకు తెలియనే తెలియదు. బంగారం పడిందా లేదా? పడింది. ల్యాబ్ చెప్పింది. సంతకం పెట్టడానికి తనకొచ్చిన నొప్పేమిటి?"

"పెట్టకపోతే?"

"ఎవరి దగ్గరో లంచం తిని నా ఒప్పందం చెడగొడుతోందని జియాలజిస్టులకి లైసెన్సులిచ్చేవాళ్ళకి రాస్తాను. మళ్ళీ జన్మలో ఏ రాయి మీదా సంతకం పెట్టలేదు. విచారణ కూడా చేయించాను."

విచారణ చేసిందెవరో మాకు అప్పటికే తెలిసిపోయింది. వాసన ముందొచ్చింది, మనిషి వెనక వచ్చాడు. ఒకప్పుడు వదిన దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని, ఏడో నెలలో సొంత డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. ఒంటి మీద సగం సీసా సెంటు లేనిదే గడప దాటడు కనక మేమాయన్ని సెంటుబాబు అంటాం.

"మేడమ్! మీరింకా రిటైరవలేదా?"

"నువ్వు పని నేర్చుకున్నావని తెలిసిన రోజున అవుతాను నాయనా. ఏం కనిపెట్టావు?"

"అంతా," అన్నాడు ఫైలు తట్టి. "లైసెన్సువాళ్ళకి ఉత్తరం కూడా నేనే రాసిపెట్టాను. ఛైర్మన్‌గారు సంతకం చేయడమే ఆలస్యం."

"అయితే పద. నువ్వు కనిపెట్టింది మాకూ చూపిద్దువుగాని."

రెండు గంటల ఐదు నిమిషాలకి వెనకున్న రేకుల షెడ్డులోకి వెళ్ళాం. నేల నుంచి పైకప్పు దాకా చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో పొడుగ్గా అరలు, ప్రతి అరలోనూ గుండ్రటి రాతి కడ్డీలు. భూమిలోంచి బోరు యంత్రం రాతిని ఇలా కడ్డీల్లా తీస్తుందట. మూల ఒక రంపం మిషను ఉంది. దాని పక్క బల్ల మీద దుమ్ముకొట్టుకున్న చొక్కాతో ఒక ముసలాయన కూర్చుని ఫోన్‌లో ఏదో చూసి మురిసిపోతున్నాడు.

"కడ్డీని నిలువునా రెండు చెక్కలుగా కోస్తాం," అంది అమ్మాయి. "ఒక చెక్క సంచిలో వేసి ల్యాబ్‌కి పంపుతాం. రెండో చెక్క ఇక్కడే ఉంటుంది, సాక్ష్యానికి. ప్రతి నంబరుకీ రెండు చీటీలు. ఒకటి సంచిలోకి, ఒకటి ఇక్కడ పెట్టెలో ఆ చెక్క పక్కన, స్టేప్లర్ పిన్ను కొట్టి."

"మరి తెల్లరాయి?"

అమ్మాయి గోడకేసి చూపించింది. నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో అట్ట మీద రాసి ఉంది: 'ప్రతి ఇరవయ్యో సంచిలో తెల్లరాయి. మినహాయింపు లేదు.'

"పూలకుండీల్లో వేసే పాలరాతి ముక్కలు పెద్దక్కా. వాటిలో బంగారం ఉండదని మనకి తెలుసు, ల్యాబ్‌కి తెలియదు. వాటిలోనూ బంగారం ఉందని కాగితం వచ్చిందా, ఎక్కడో ఏదో కలిసిందన్నమాట. మాస్టారు పెట్టిన నియమం."

"ఎనిమిదో బోరుకి ఎన్ని సంచులు?"

"అరవై. ఇరవై, నలభై, అరవై తెల్లరాళ్ళు కావాలి. కానీ ఆ రోజు..."

"ఇక్కడే కథ మొదలవుతుంది మేడమ్," అని సెంటుబాబు అందుకున్నాడు. "ల్యాబ్ కాగితం చూడండి. ఇరవైలో బంగారం లేదు, నలభైలో లేదు, అరవైలో లేదు. మిగతా అన్నిటిలో ఉంది. అచ్చు గోడ మీద ఉన్నట్టే! ఈ అమ్మాయి ఒక్కతే, ఆ రోజు తెల్లరాయి నలభైలో కాదు, నలభై ఒకటిలో వేశానంటోంది. కాబట్టి ఫలితాలు దొంగవంటోంది. రుజువేదీ?"

"రిజిస్టర్లో రాశాను," అంది అమ్మాయి.

"పెన్సిల్‌తో!"

"దుమ్ములో పెన్ను నడవదండీ."

"ఎప్పుడైనా రాసుకోవచ్చు, ఎప్పుడైనా చెరుపుకోవచ్చు. దానికి తోడు ఈయన సాక్ష్యం," అని సెంటుబాబు రంపం ముసలాయన్ని చూపించాడు. "తొమ్మిది రోజుల నుంచి చూపించిన ఫొటోనే చూపిస్తున్నాడు తప్ప ఇంకో మాట లేదు."

వదిన వెళ్ళి బల్ల మీద ఆయన పక్కనే కూర్చుంది. "ఏం ఫొటో తాతగారూ?"

"తాత అని ఎలా తెలుసమ్మా?" అన్నాడాయన ఆశ్చర్యపోయి.

"ఆ మొహం చూస్తే తెలియదూ!"

ఇక ఆగలేదు ఆ కొత్త తాత. ఫోన్ నిండా గుడ్డలో చుట్టిన పసిపాపే. ఆవలిస్తున్నది, తుమ్ముతున్నది, ఏం చెయ్యకుండా ఉన్నది. వదిన ఒక్కొక్కటీ చూసి, ముక్కు తాతదేనని తేల్చి, అప్పుడు అడిగింది.

"కబురు ఎన్నింటికొచ్చింది?"

"పదకొండూ ఇరవై. అల్లుడు చేశాడు. ఇదుగో, ఫోన్‌లో ఉంది. రంపం ఆపి మాట్లాడాను. తర్వాత ఏం చేశానో నాకే తెలియదు. చేతిలో ఉన్న రాయి తీసుకెళ్ళి నలభై నంబరు సంచిలో పడేసి, తాడు బిగించేశాను. అమ్మాయిగారు తెల్లరాయి పట్టుకుని నిలబడి ఉన్నారు పాపం, ఆ సంచి కోసమే."

"తాడు విప్పి మార్చచ్చుగా?"

"ప్లాస్టిక్ తాడమ్మా. ఒకసారి లాగితే కొయ్యాలి తప్ప ఊడదు. అమ్మాయిగారు నవ్వేసి, మనవరాలి పేరు చెప్పి వదిలేద్దాంలే తాతా, తెల్లరాయి నలభై ఒకటిలో వేసేద్దాం అన్నారు."

"తర్వాత ఎవరికైనా చెప్పారా?"

"మనవరాలు పుట్టిందని అందరికీ చెప్పాను. సంచి సంగతి ఎవరికి చెప్తానమ్మా, గోడ మీద మినహాయింపు లేదని రాసుంటే!"

సెంటుబాబు చప్పట్లు కొట్టాడు. "కథ బాగుంది. రుజువేదీ?"

వదిన నలభయ్యో సంచి రాయి వచ్చిన పెట్టె, నూట పన్నెండు మీటర్ల లోతుది, దింపించింది. తడిసి ఆరిన రాతి చెక్కలు వరసగా ఉన్నాయి. పక్కన పెట్టె కర్రకి పిన్ను కొట్టిన చీటీలు. ముప్ఫై తొమ్మిది, నలభై, ఆ తర్వాత నలభై రెండు.

"నలభై సంచిలో పాలరాయి వేసుంటే, ఈ కొండరాయి పక్కన నలభై చీటీ ఎందుకుంటుంది?" అంది.

"ఇవాళ పొద్దున్న మార్చి కొట్టి ఉండచ్చు."

"మరదలా, ఇలా రా. నీ శాఖ ఇది."

వంగి చూశాను. రంపం దగ్గర నీళ్ళు పోస్తూ కోస్తారు కనక రాయి తడిగానే పెట్టెలోకొస్తుంది. మూడు పిన్నులూ ఒకే తీరుగా తుప్పు పట్టాయి. తుప్పు కాగితంలోకి దిగి, ఎర్రటి అంచు కట్టింది. తడిబట్టకి పిన్నుతుప్పు అంటితే ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. మా ఆయన చొక్కాల మీద నిమ్మచెక్క రుద్ది రుద్ది వేళ్ళరిగాయి.

"ఇది పొద్దున్న కొట్టింది కాదు. వారం పైమాటే," అన్నాను.

"పాత పిన్నే పీకి మళ్ళీ కొడితేనో?" అన్నాడు సెంటుబాబు.

వదిన గోరుతో పిన్ను మెల్లిగా లేపి చీటీ ఎత్తింది. కింద కర్రలో రెండే రెండు కన్నాలు. "మళ్ళీ కొడితే నాలుగుండాలి నాయనా. ఆరు నెలలు నా దగ్గర ఏం చేశావు నువ్వు?"

సెంటుబాబు ఆ రెండు కన్నాలనీ చాలాసేపు చూశాడు. మూడోది కనిపించలేదు.

"సరే, నలభైలో కొండరాయే ఉందనుకుందాం," అన్నాడు చివరికి. "అయితే ఏమిటి?"

"అయితే ముప్ఫై తొమ్మిదిలో పద్నాలుగు గ్రాములు, నలభై రెండులో పద్నాలుగు గ్రాములు, వాటి మధ్య నలభైలో సున్నా. పూలకుండీ రాయి ఉన్న నలభై ఒకటిలో మాత్రం పద్నాలుగు. ఆ బంగారం కొండది కాదు. ఎవరో సంచుల్లోకి ఎక్కించారు. ఎక్కిస్తూ నలభైని వదిలేశారు. ఎందుకు వదిలారు?"

"అది తెల్లరాయి అనుకుని!" అన్నాను నేను.

"అదీ. ఈ ఇద్దరిలో ఎవరు చేసినా నలభై ఒకటిని వదిలేవారు. కాబట్టి వీళ్ళు కాదు. ఇది గోడ మీద నియమం తెలిసి, తాతగారి సంబరంలో సంచి మారిన సంగతి తెలియని మనిషి పని."

అమ్మాయి రిజిస్టరు గుండెకి హత్తుకుంది. కొత్త తాత, "చూశావా, పుట్టగానే అమ్మాయిగారిని కాపాడావు," అని ఫోన్‌కేసి చెప్పాడు.

రెండూ నలభైకి వదిన ల్యాబ్‌కి ఫోన్ చేసింది. అందరికీ వినిపించేలా పెట్టింది.

"నలభై ఒకటో సంచిలో మిగిలిన పొడి తెల్లగా ఉందో, నల్లగా ఉందో చూసి చెప్పగలరా?"

"గోడౌన్‌లో పెట్టేశామండీ. రేపు పొద్దున్న గానీ తీయలేం."

"పోనీ, మీ కాగితంలో ఏమైనా వింతగా అనిపించిందా?"

"అంకెలు మరీ బుద్ధిగా ఉన్నాయండీ. పదమూడు పాయింట్ తొమ్మిది, పద్నాలుగు, పద్నాలుగు పాయింట్ ఒకటి. రాయిలో బంగారం కేకులో జీడిపప్పులాంటిది. ఒక ముక్కలో నాలుగుంటాయి, ఇంకో ముక్కలో ఒక్కటీ ఉండదు. ఇదేమో చక్కెర కలిపినట్టు అంతటా ఒకే తీపి. అన్నట్టు ఇంకో కాగితం కూడా ఉంది, రాగి, జింకు. అది వేరే పరీక్ష కదా, ఇందాకే పూర్తయింది. ఛైర్మన్‌గారికి చెబితే, రాగి ఎవడిక్కావాలయ్యా అని పెట్టేశారు."

"జియాలజిస్టు అమ్మాయికి పంపండి," అని వదిన ఫోన్ పెట్టేసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కారులో మూసుకున్నట్టు కాదు, ఆలోచిస్తే మూసుకుంటుంది. "చక్కెర కలిపినట్టు. అంటే కరిగించి పోశారు. బంగారాన్ని ఆమ్లంలో కరిగిస్తే నీళ్ళలా అవుతుంది. సిరంజితో గుడ్డసంచిలోకి గుచ్చితే తాడు కొయ్యక్కర్లేదు, ముడి విప్పక్కర్లేదు. ఆ రాత్రి సంచులు ఎక్కడున్నాయి?"

"పక్క గదిలో తాళం వేశాం," అంది అమ్మాయి. "మర్నాడు తొమ్మిదింటికి జీపు ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. తాతని మనవరాలి దగ్గర దింపడానికి నేను మూడింటికే వెళ్ళిపోయాను."

"తాళంచెవులు?"

"రెండు. ఒకటి నా దగ్గర..." అని ఆగిపోయింది.

పక్కగదిలో కిటికీ కింద ఒక బల్ల, ఒక కుర్చీ. బల్ల మీద మినపగింజంత మరకలు పది పన్నెండు వరసగా ఉన్నాయి. తడిగుడ్డతో రుద్దాను, రాలేదు. సబ్బు అడిగి తెచ్చి రుద్దాను. రంగు కదల్లేదు.

"సిరా అయితే ఈపాటికి గుడ్డకి అంటాలి వదినా."

"మా ఆఫీసులో వెండి ఉప్పు వాడేవాళ్ళం, వేలిముద్రలు తేల్చడానికి," అంది వదిన. "చేతికి తగిలితే నల్లగా అయి, చర్మం ఊడేదాకా పోయేది కాదు. బంగారం కరిగిన నీళ్ళూ అంతే. కాకపోతే వెలుతురు తగిలాక వచ్చే రంగు వేరు."

ఏ రంగో నేను అడగలేదు. బల్ల మీద కనిపిస్తూనే ఉంది. ఇందాక టీ గ్లాసు చుట్టూ కూడా కనిపించింది.

మూడూ పదికి మాస్టారు ట్రే నిండా టీ గ్లాసులతో మళ్ళీ వచ్చారు. "విచారణ ఎంతదాకా వచ్చింది? గొంతులు ఎండిపోయి ఉంటాయి," అని అందరికీ పంచారు. వదిన గ్లాసు తీసుకుని, కుర్చీ ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి మాస్టారూ. ఆ నియమం అట్ట చాలా బాగా రాశారు. నాకూ ఒక కాగితం మీద రాసిస్తారా? మా ఇంట్లో అతికించుకుంటాను."

ఆయన సంతోషంగా పెన్ను తీసి రాశారు. ప్రతి ఇరవయ్యో సంచిలో తెల్లరాయి. నీలం అక్షరాలు గుండ్రంగా మెరిశాయి.

"ఎప్పుడైనా తప్పిందా ఈ నియమం?"

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు," అన్నారు గర్వంగా. "ఇరవై, నలభై, అరవై. కళ్ళు మూసుకుని చెప్పచ్చు."

"ఆ రోజు రిజిస్టరు చూశారా మీరు?"

"ఆ రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళానమ్మా. చుక్కలు వేశారు. మూడున్నరకి ఇక్కడికొచ్చాను గానీ, సాయంత్రం దాకా పెన్సిల్ రాత ఒక్కటీ..."

కొత్త తాత గ్లాసు కింద పెట్టి, చాలా బాధగా అన్నాడు. "మాస్టారూ, నలభైలో నేను కొండరాయి వేసేశానండీ. మనవరాలు పుట్టిందన్న సంబరంలో."

మాస్టారు పెన్ను మూత పెట్టబోయారు.

నేను అడగకుండా ఉండలేకపోయాను. "మాస్టారూ, మీ సిరా నీలం కదా. గోళ్ళకి ఊదా ఎక్కడిది?"

ఆయన తన చేతుల్ని ఎవరివో చూసినట్టు చూసుకున్నారు. అప్పుడు కనిపించింది నాకు, ఉంగరపు వేలి చుట్టూ ఎండ తగలని తెల్లటి గీత. వదిన కూడా అక్కడే చూస్తోంది.

"సంచికి మూడు కిలోలు. యాభై ఏడు సంచులు," అంది మెల్లిగా. "టన్నుకి పద్నాలుగు గ్రాముల లెక్కన వేసుకుంటే మొత్తం రెండున్నర గ్రాములు కూడా కాదు. ఒక సన్న ఉంగరం చాలు."

"మా ఆవిడ రోజూ అడుగుతోంది ఉంగరం ఏదని," అన్నారు మాస్టారు. "కొండ మీద జారిపోయిందన్నాను."

"అబద్ధమేం కాదులెండి. కొండరాళ్ళలోనే పడింది."

ఆయన నవ్వబోయి మానేశారు. "ఎవరూ చెప్పలేదమ్మా, ఎవరూ ఇవ్వలేదు. నేనే చేశాను. ఎనిమిదో బోరు ఉత్తదైతే కంపెనీ మూసేస్తానన్నాడు ఛైర్మన్. పన్నెండు మంది ఇళ్ళకి పోవాలి. ఆ కొండలో ఏదో ఉంది, నాకు తెలుసు. ఇంకొక్క బోరు వేయనిస్తే చాలనుకున్నాను. కాగితంలో తప్పు కనిపించదు, ఈ పిల్ల సంతకం పెట్టేస్తుంది, తొమ్మిదో బోరులో నిజమైనది దొరుకుతుంది అనుకున్నాను."

అమ్మాయి ఏడవలేదు. "కాగితంలో తప్పు లేకపోయినా, నేను చూసిందే రాయాలని చెప్పింది మీరే కదా మాస్టారూ," అంది.

"అవును. అంత బాగా నేర్పి ఉండాల్సింది కాదు," అన్నారాయన. ఈసారి నిజంగానే నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళతో పాటు. "నాలుగింటికి నేనే వచ్చి చెబుతాను. నీ మీద మచ్చ పడనివ్వను."

సెంటుబాబు గొంతు సవరించుకున్నాడు. "నాకు మొదటినుంచీ ఈయన మీదే అనుమానం."

"ఉత్తరం అమ్మాయి మీద రాశావు కదా?"

"అది... ఎర మేడమ్."

"సరే, ఆ ఎర వెనక్కి తీసుకో. అమ్మాయీ, సంతకం పెట్టనని ఛైర్మన్‌కి మరోసారి చెప్పి, నీ ముద్ర జాగ్రత్తగా దాచుకో."

అమ్మాయి ఆఫీసులోకి పరుగెత్తింది. అంతకంటే వేగంగా వెనక్కొచ్చింది. "నా సొరుగులో ముద్ర లేదు. ఛైర్మన్‌గారూ లేరు. గంట కిందటే వెళ్ళిపోయారట!"

అందరం సెంటుబాబు వైపు తిరిగాం. ఎందుకో తెలియదు, ఆ వాసన అటు తిప్పింది.

"సాక్ష్యం కింద పొద్దున్న నేనే స్వాధీనం చేసుకున్నాను," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "ఛైర్మన్‌గారు చూసిస్తానంటే ఇచ్చాను. నా కారు కూడా ఆయనే తీసుకెళ్ళారు. తనది సర్వీసుకిచ్చారట. అమ్మాయి సంతకం ఎలా ఉంటుందని అడిగితే... నా ఫైల్లో నమూనా ఉంటే..."

"ఇచ్చావు."

"ఇచ్చాను."

మూడూ ముప్ఫై మూడు. ఛైర్మన్ ఫోన్ ఆపేసి ఉంది. హోటల్‌కి ఇరవై నిమిషాల దారి. నాలుగు కొట్టేసరికి అమ్మాయి పెట్టని సంతకంతో, అమ్మాయి ముద్రతో ఒక దొంగ కాగితం చేతులు మారిపోతుంది. ఆ తర్వాత మాస్టారు ఎంత మొత్తుకున్నా, సంతకం ఎవరిదంటే అమ్మాయిదే. చదువూ లైసెన్సూ పోవడంతో ఆగదు, పోలీసులొస్తారు.

"కారెక్కండి," అంది వదిన.

"ఏ కారు?" అన్నాడు సెంటుబాబు.

"ఉన్నది ఒక్కటే నాయనా. మా మరదలు నడుపుతుంది."

వెనక సీట్లో మాస్టారు, అమ్మాయి, సెంటుబాబు ఇరుక్కున్నారు. అద్దాలన్నీ దింపేశాం. కొత్త తాత పెట్టె పట్టుకుని వచ్చాడు గానీ చోటు లేక, నలభయ్యో రాతిచెక్కని చీటీతో సహా వదిన ఒళ్ళో పెట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారి పలికింది.

"ఛైర్మన్ మాటలకి వినే రకం కాదు," అంది వదిన సీటుబెల్టు బిగించుకుంటూ. "పెద్ద కంపెనీవాళ్ళకి మనమెవరమో తెలియదు. మాస్టారు అమ్మాయిని కాపాడటానికి నేరం నెత్తిన వేసుకుంటున్నారంటారు. పిన్నుకన్నాలు చూపిస్తే నవ్వుతారు. చేతిలో ఒక కాగితముండాలి. ఎవరూ మార్చలేని కాగితం."

గేటు దాటుతుండగా వెనక అమ్మాయి ఫోన్ మోగింది.

"ల్యాబ్ రెండో కాగితం," అంది. "రాగి, జింకు." అద్దంలో చూశాను. అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, వేలు ఒక్కో గీతా దిగుతోంది.

"చదువు తల్లీ, పైకి చదువు," అంది వదిన.

"ఇరవయ్యో సంచి. రాగి సున్నా, జింకు సున్నా. ముప్ఫై ఎనిమిది, రాగి రెండు పాయింట్ ఏడు శాతం. ముప్ఫై తొమ్మిది, మూడు. నలభై, రాగి మూడు పాయింట్ రెండు శాతం! జింకు ఆరు!"

"నలభై ఒకటి?"

"సున్నా పెద్దక్కా. రాగి సున్నా, జింకు సున్నా. నలభై రెండు, మళ్ళీ మూడు."

సెంటుబాబు ఎగిరి పడ్డాడు. "అయితే తెల్లరాయి నలభై ఒకటిలోనే ఉందన్నమాట!"

"పొద్దుటినుంచి ఆ పిల్ల అదే చెబుతోంది," అంది వదిన. ఆవిడ నవ్వు చెవుల దాకా ఉంది. "సిరంజి బంగారాన్ని మార్చగలిగింది గానీ రాగిని మార్చలేదు. అమ్మాయి మాట మీద ఇంతకంటే పెద్ద ముద్ర లేదు."

మాస్టారు ముందుకు వంగారు. గొంతు గొణుగుతున్నట్టుంది. "మూడు శాతం రాగి, ఆరు జింకు... ఎన్ని మీటర్లమ్మా?"

"ముప్ఫై ఎనిమిది మీటర్ల మందం మాస్టారూ," అంది అమ్మాయి. ఇప్పుడు ఏడుస్తోంది, మంచి ఏడుపే. "మీరన్నారు కదా, కొండలో ఏదో ఉందని. ఉంది. ఎనిమిదో బోరులోనే ఉంది."

"అంటే నా ఉంగరం..."

"అనవసరంగా కరిగిపోయింది," అంది వదిన. "మీ ఆవిడకి మీరే చెప్పుకోండి, ఆ కేసు నేను తీసుకోను."

అప్పుడే సెంటుబాబు తన ఫైలు విప్పి, ఒప్పందం నకలు తీసి చదివాడు. "మేడమ్, ఇందులో ఒక వాక్యం ఉంది. కొండలో దొరికే బంగారానికే ధర. మిగతా లోహాలు ఏవున్నా... కొన్నవాళ్ళకే ఉచితంగా చెందుతాయి."

దొంగ బంగారానికి అమ్మాయి పేరు పెట్టి, నిజమైన కొండనంతా ఊరికే రాసిచ్చేయబోతున్నాడు ఆ మహానుభావుడు. రాగి ఎవడిక్కావాలన్నందుకు.

మూడూ నలభై. ముందు రోడ్డు ఖాళీగా ఉంది. అలవాటుగా వదిన వైపు చూశాను. ఒళ్ళో రాయిని రెండు చేతులతో పట్టుకుని, రెండు కళ్ళూ విప్పార్చి, ఎదురుగా చూస్తోంది.

"నొక్కవే మరదలా!"

గేరు వేశాను. మొదటిసారి సరిగ్గా పడింది.